నలభై మంది సభ్యుల క్లబ్బు ఇల్లు కట్టించగలదా?

ఫలానా సేవా క్లబ్బు పేద కుటుంబాలకు ఇళ్లు కట్టించిందన్న వార్త చదివినప్పుడు ఎవరికైనా రెండు సందేహాలు రావడం సహజం. వారానికో పక్షానికో ఒకసారి కలుసుకుని, భోంచేసి, ఒక ప్రసంగం విని ఇళ్లకు వెళ్లిపోయే నలభై యాభై మందికి అంత డబ్బు ఎక్కడిది? ఆ డబ్బు వాళ్లది కాకపోతే, ఫొటోలో పెద్ద నమూనా చెక్కు పట్టుకుని నిలబడింది వాళ్లెందుకు?

రెండూ సరైన సందేహాలే. వాటికి జవాబు దొరకాలంటే క్లబ్బు ఎలా నడుస్తుంది, దాని డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, ఇంటి ధరలో ఏ భాగం ఎవరికి అడ్డుపడుతుంది అన్నవి విడివిడిగా చూడాలి. ఒక మాట ముందే చెప్పుకోవచ్చు. క్లబ్బు ఒంటరిగా ఇల్లు మొత్తం కట్టడం అరుదు. బ్యాంకు ముందుకు రాని చోట, ప్రభుత్వ నిధి ఇంకా విడుదల కాని దశలో, కొద్దిపాటి మొత్తం పెడుతుంది. ఆ కొద్దిపాటి మొత్తం ఎక్కడ పడిందన్న దాన్నిబట్టే అది అక్కరకు వచ్చిందో, ఫొటోతో ముగిసిందో తేలుతుంది.

పరిచయాల కోసం పుట్టి, సేవలోకి వచ్చిన సంఘాలు

1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి ఒక కార్యాలయంలో కూర్చున్నారు. రోటరీకి అదే మొదటి సమావేశం. అప్పటి ఉద్దేశాల్లో సేవ లేదు. మహానగరంలో వేర్వేరు వృత్తుల వాళ్లు నలుగురూ ఒకచోట చేరితే స్నేహానికీ, వ్యాపారానికీ మంచిదన్న ఆలోచన మాత్రమే ఉంది. 1907లో నగరం నడిబొడ్డున ప్రజలకు మరుగుదొడ్లు కావాలన్న పనిని తలకెత్తుకున్నాక ఆ సంఘం తన గదిలోంచి బయటికి చూసింది. 1915లో డెట్రాయిట్‌లో కివానిస్ అనే మరో సేవా సంఘం, 1917లో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ వచ్చాయి. లయన్స్ వాళ్లు తొలి ఏడాదిలోనే ఒక నియమం రాసుకున్నారు: సభ్యుల ఆర్థిక లాభం ఏ క్లబ్బుకూ లక్ష్యం కాకూడదు. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ నియమానికి పరీక్ష తప్పదు. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

ఏ పని చేపట్టాలన్నది చాలావరకు స్థానిక క్లబ్బే తేల్చుకుంటుంది. పైనున్న జిల్లా, అంతర్జాతీయ వ్యవస్థలు నియమాలు చెబుతాయి, శిక్షణ ఇస్తాయి, పెద్ద పనులకు గ్రాంట్లు ఇస్తాయి. గ్రాంట్లకు విడిగా ఫౌండేషన్లు ఉంటాయి. రోటరీ ఫౌండేషన్‌కు 1917లో ఆర్చ్ క్లంఫ్ అనే అధ్యక్షుడి ప్రతిపాదన బీజం వేస్తే, మరుసటి ఏడాది అందిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. లయన్స్ ఫౌండేషన్ 1968లో మొదలైంది. ఈ ఫౌండేషన్ల సొమ్ము అడిగిన పనికల్లా రాదు. ప్రతి గ్రాంటుకూ దేనికి ఖర్చు పెట్టవచ్చు, దేనికి పెట్టకూడదు అన్న షరతులుంటాయి. అందుకే ఇళ్ల పనిలో ఎక్కువగా కనిపించేది స్థానిక క్లబ్బు సొంతంగా సేకరించిన డబ్బే.

గంట కొట్టిన తర్వాత

సమావేశం గంట కొట్టడంతో మొదలవుతుంది. అతిథుల పరిచయం, గత సమావేశం మినిట్స్, కార్యదర్శి ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు వరుసగా సాగుతాయి. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో ఒక వక్త మాట్లాడతారు. రోటరీ క్లబ్బుల్లో చాలాచోట్ల ఒక డబ్బా చేతులు మారుతుంది. మనవరాలు పుట్టిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో చెప్పి అందులో కొంత వేస్తారు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవే ఉంది. బ్యాడ్జీ పెట్టుకోలేదనీ, ఆలస్యంగా వచ్చారనీ సరదాగా జరిమానాలు వేయడం ఆయన పని. బయటి నుంచి చూసేవారికి ఇదంతా పెద్దల ఆటలా కనిపిస్తుంది. కొంతవరకు ఆటే. కానీ ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు, న్యాయవాది, బ్యాంకు మేనేజరు, కాంట్రాక్టరు ఒకరి మాట ఒకరు నమ్మే స్థితికి వస్తారు. ఇళ్ల పనిలో చెక్కుకన్నా ఈ నమ్మకమే ముందు అక్కరకొస్తుంది.

అసలు నిర్ణయాలు ఈ భోజనాల దగ్గర జరగవు. ప్రతిపాదన ముందు సేవా కమిటీకి వెళుతుంది. కమిటీ సరేనంటే డైరెక్టర్ల బోర్డు ముందుకు, మొత్తం పెద్దదైతే సభ్యుల ఓటుకు వస్తుంది. ఒకరు తీర్మానం ప్రతిపాదిస్తారు, మరొకరు బలపరుస్తారు, కోశాధికారి ఖాతాలో ఎంత ఉందో చదువుతారు. ఆ చదవడంలో రెండు ఖాతాల పేర్లు వినిపించడం మామూలు.

రెండు ఖాతాలు, ఒక గోడ

ఒకటి పరిపాలనా ఖాతా. సభ్యత్వ రుసుములు, సభ్యుల సరదా జరిమానాలు సాధారణంగా ఇందులోకి వస్తాయి. హాలు అద్దె, భోజనాలు, పైసంస్థకు కట్టాల్సిన వాటా ఇక్కడి నుంచే పోతాయి. రెండోది సేవా ఖాతా. ప్రజల దగ్గర విరాళంగా, టికెట్ల రూపంలో సేకరించిందంతా ఇందులో పడాలి. లయన్స్ నియమాల్లో ఈ విభజన స్పష్టంగా ఉంది: ప్రజల నుంచి తీసుకున్నది ప్రజలకే తిరిగి వెళ్లాలి, క్లబ్బు సొంత ఖర్చులకు వాడకూడదు. క్లబ్బు భోజనాలు విరాళాలతో నడుస్తున్నాయన్న అనుమానానికి కొలబద్ద ఈ గోడే. గోడ ఉన్న చోట ఆ అనుమానానికి తావు లేదు. రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయిన చోట అనుమానం న్యాయమైనదే.

నిధుల సేకరణలో జనం తికమకపడేది వసూలుకూ మిగులుకూ ఉన్న తేడా దగ్గర. ఒక విందు కార్యక్రమం టికెట్టు ధర 100 అనుకుందాం. భోజనానికి 40, హాలుకు 10, ముద్రణకూ వేదికకూ 10 పోతే సేవా ఖాతాకు చేరేది 40. వేదిక మీద ప్రకటించేది మాత్రం 100 చొప్పున లెక్కవేసిన వసూలు. స్పాన్సర్ ఒకరు హాలు ఖర్చు భరిస్తే మిగులు 50 అవుతుంది. వస్తువుల వేలంలో వస్తువులు ఉచితంగా వస్తే మిగులు ఇంకా పెరుగుతుంది. నడక, పరుగు కార్యక్రమాల్లో టీషర్టులకే సగం పోయిన సందర్భాలకు కొదవ లేదు. ఇవేమీ మోసాలు కావు. విందు వల్ల కొత్త దాతలు పరిచయమవుతారని నిర్వాహకులు అంటారు, అది నిజమే. కాకపోతే, ఎంత వసూలు చేశారు అన్న ప్రశ్నకూ, ఎంత మిగిలింది అన్న ప్రశ్నకూ జవాబులు వేరు.

అందుబాటు ధర ఎవరికి అందుబాటు?

అందుబాటు ధరల ఇల్లంటే చవక ఇల్లని చాలామంది అనుకుంటారు. వాడుకలో ఉన్న కొలమానం ఇంటి ధరను చూడదు, ఇంటి ఖర్చుకూ ఆదాయానికీ ఉన్న నిష్పత్తిని చూస్తుంది. కుటుంబ ఆదాయంలో 30 శాతానికి మించి నివాసానికి ఖర్చు కాకూడదన్నది ఆ కొలమానం. దీని వెనుక పెద్ద సిద్ధాంతమేదీ లేదు. అమెరికాలో ప్రభుత్వ గృహాల అద్దెకు 1969లో ఆదాయంలో 25 శాతం పరిమితి పెట్టారు, 1981లో దాన్ని 30కి పెంచారు. ఆ అంకె అక్కడి నుంచి లోకమంతా పాకింది.

దాని లోపం చిన్న లెక్కతో బయటపడుతుంది. నెలకు 100 సంపాదించే కుటుంబం 30 కడితే మిగిలేది 70. నెలకు 400 సంపాదించే కుటుంబం 120 కట్టినా 280 మిగులుతుంది. నిష్పత్తి ఒకటే, కానీ మొదటి కుటుంబం ఆ 70తోనే తిండి, చదువు, వైద్యం గడపాలి. పైగా ఇల్లు ఊరి చివర దొరికి, రాకపోకలకు ఇంకో 20 పోతే కాగితం మీది అందుబాటు చేతికందదు. కాబట్టి ఒక ప్రాజెక్టును అందుబాటు గృహాలని పిలిచినప్పుడు ఏ ఆదాయం ఉన్నవారికి అన్నది పక్కనే లేకపోతే ఆ మాటకు అర్థం లేదు. మధ్యస్థ ఆదాయంలో (సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద ఉండే ఆదాయంలో) 80 శాతం ఉన్నవారి కోసం కట్టినదీ, 30 శాతం ఉన్నవారి కోసం కట్టినదీ ఒకే పేరుతో చలామణి అవుతాయి. మొదటిది బ్యాంకు రుణంతో దాదాపు తనంతట తాను నిలబడుతుంది. రెండోది ఏటేటా ఎవరో ఒకరు ఆసరా ఇవ్వనిదే నిలబడదు.

చిన్న మొత్తం ఎక్కడ పెద్దదవుతుంది

ఒక ఇంటి మొత్తం ఖర్చు 100 అనుకుంటే, క్లబ్బు ఏడాదంతా శ్రమపడి సేకరించేది అందులో ఏ కొద్ది భాగమో ఉంటుంది. దాన్ని సిమెంటులోనూ ఇటుకల్లోనూ కలిపేస్తే కనిపించకుండా పోతుంది. మరి ఎక్కడ పెట్టాలి?

పునాది తీయకముందు కొన్ని ఖర్చులుంటాయి. స్థలం సర్వే, మట్టి పరీక్ష, హక్కు పత్రాల పరిశీలన, నక్షాలు, అనుమతి రుసుము. మొత్తం ఖర్చులో ఇవి నూటికి 4 వంతులు అనుకుందాం. అనుమతి రాకపోతే ఈ 4 గంగలో కలిసినట్టే, అందుకే బ్యాంకు వీటికి అప్పివ్వదు. అనుమతులు లేని ప్రాజెక్టుకు పెద్ద గ్రాంటు రాదు, డబ్బు లేనిదే అనుమతులు రావు. ఎన్నో ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి. ఈ 4 వంతులు క్లబ్బు భరించి, పని ముందుకు సాగితే మిగతా 96 వేరే దారుల్లో వస్తుంది. సాగకపోతే క్లబ్బు చేతిలో మిగిలేది మట్టి పరీక్ష నివేదిక. దాంతో ఫొటో దిగలేరు. క్లబ్బులు ఈ దశకు డబ్బు పెట్టడానికి తటపటాయించడానికి అసలు కారణం అదేనని నాకనిపిస్తుంది.

రెండో చోటు అద్దె అడ్వాన్సు. నెలనెలా అద్దె కట్టగలిగిన కుటుంబం కూడా అడ్వాన్సు ఒక్కసారిగా తేలేక మంచి ఇంట్లోకి మారలేకపోతుంది. క్లబ్బు దగ్గర 12 అడ్వాన్సులకు సరిపడే మొత్తం ఉందనుకుందాం. విరాళంగా ఇచ్చేస్తే 12 కుటుంబాలతో నిధి ఖాళీ. వడ్డీ లేని అప్పుగా ఇచ్చి ఏడాదిలో తిరిగి తీసుకుంటే, అందరూ కట్టిన పక్షంలో అయిదేళ్లలో 60 కుటుంబాలు వాడుకుంటాయి. అందరూ కట్టరు. ఏటా ఒక అప్పు మొండిబాకీ అయిందనుకున్నా వరుసగా 12, 11, 10, 9, 8 చొప్పున 50 కుటుంబాలకు అందుతుంది. దీన్నే రివాల్వింగ్ ఫండ్ అంటారు. చిక్కు కూడా ఉంది: వసూలు బాధ్యత ఎవరిది? సాయంత్రం సమావేశంలో దాతగా చప్పట్లు అందుకున్న మనిషి మరుసటి నెల బాకీ అడగడానికి వెళ్లలేడు. అందుకే నడిచే నిధుల్లో చాలావాటికి దరఖాస్తులు, వసూళ్లు చూసేది వేరే సంస్థ. క్లబ్బు మూలధనం ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది.

మూడోది మరమ్మతు. కురిసే పైకప్పు, మెట్లెక్కలేని వృద్ధులకు ఒక వాలుదారి, చెడిపోయిన వైరింగు. ఇప్పటికే ఉన్న ఇల్లు జారిపోకుండా ఆపడం కొత్త ఇల్లు కట్టడం కన్నా ఎన్నో రెట్లు చవక, రెండు వారాంతాల్లో అయిపోయే పని. ఇందులో పెద్దగా విప్పి చెప్పాల్సిందేమీ లేదు.

వడ్డీ తీసేస్తే ఏమవుతుంది

ఇళ్ల విషయంలో సేవా క్లబ్బుల పేరు ఎక్కువగా హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే గృహ నిర్మాణ స్వచ్ఛంద సంస్థతో కలిసి వినిపిస్తుంది. 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మిల్లర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు దీన్ని స్థాపించారు. అంతకుముందు కోయినోనియా అనే సామూహిక క్షేత్రంలో క్లారెన్స్ జోర్డన్‌తో కలిసి వాళ్లు అల్లిన ఆలోచన దానికి మూలం. లాభం లేకుండా అమ్మడం, వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవడం, వచ్చిన వాయిదాలతో మరో ఇల్లు కట్టడం. ఇల్లు పొందే కుటుంబం తన శ్రమను కూడా వాటాగా ఇవ్వాలి. 1984 నుంచి అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సుత్తి పట్టుకుని పనిలోకి దిగడంతో ఈ సంస్థ ప్రపంచానికి తెలిసింది.

వడ్డీ లేకపోవడం ఎంత పెద్ద సహాయమో లెక్క వేస్తే తెలుస్తుంది. 100 అప్పును 6 శాతం వడ్డీతో 20 ఏళ్లలో తీరిస్తే మొత్తం కట్టేది దాదాపు 172. వడ్డీ లేకపోతే 100. అంటే నెలవారీ వాయిదా నూటికి 42 వంతులు తగ్గుతుంది. ఇటుకల ధర తగ్గించకుండా, ఇల్లు చిన్నది చేయకుండా ఇంత తగ్గుదల తేగల దారి మరొకటి సులువుగా కనిపించదు. క్లబ్బు ఇచ్చిన విరాళం పనిచేసేది ఇక్కడే. అది వడ్డీ అడగని పెట్టుబడి.

స్వచ్ఛంద శ్రమ మీద మాత్రం అభిప్రాయాలు చీలాయి. డాక్టరు గారు శనివారం వచ్చి గోడకు రంగు వేయడం వల్ల ఖర్చు ఏమంత తగ్గదనీ, ఆ పని కూలీకి ఇస్తే ఒక కుటుంబానికి జీతమైనా దక్కేదనీ విమర్శకులు అంటారు. తట్ట మోసిన మనిషికి ఆ ఇంటి మీద, ఆ సమస్య మీద పట్టు వస్తుందనీ, మరుసటి ఏడు పెద్ద చెక్కు రాసేది ఆ మనిషేననీ నిర్వాహకుల జవాబు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. పునాది, కరెంటు పనులు నిపుణులకు, మిగతావి స్వచ్ఛంద సేవకులకు అన్న విభజన ఈ గొడవలోంచే వచ్చింది.

నేల ఎవరి పేరున ఉండాలి

ఇల్లు ఒకసారి అందుబాటు ధరకు అమ్మితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్లలో ఒక వర్గం 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో మొదలైన కథను శ్రద్ధగా చదివింది. ఆ రోజు వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు దానమిచ్చారు. భూదానం తర్వాత గ్రామదానంగా మారింది: నేల ఊరందరిదీ, సాగు ఎవరిది వారిది. ఆ ఆలోచన స్ఫూర్తితో రాబర్ట్ స్వాన్, పౌరహక్కుల ఉద్యమకారుడు చార్లెస్ షెరోడ్ తదితరులు 1969లో జార్జియాలో న్యూ కమ్యూనిటీస్ అనే భూ ట్రస్టును నెలకొల్పారు. 1984లో అమెరికాలోనే బర్లింగ్టన్ నగరంలో ఇదే పద్ధతిని ఇళ్లకు వర్తింపజేశారు. నేల ట్రస్టుది, ఇల్లు కుటుంబానిది. అమ్మదలిస్తే ముందే రాసుకున్న సూత్రం ప్రకారం అమ్మాలి.

మార్కెట్లో 100 విలువచేసే ఇంటికి క్లబ్బూ ఇతరులూ కలిసి 20 సాయం చేస్తే ఒక కుటుంబం 80కి కొన్నదనుకుందాం. పదేళ్లలో విలువ 150 అయింది. అలాంటి కుటుంబాల ఆదాయాలు మాత్రం 20 శాతమే పెరిగాయి. కాబట్టి తర్వాతి కుటుంబం 96 పెట్టగలదు. ఆంక్ష లేకపోతే మొదటి కుటుంబం 150కి అమ్ముకుని 70 లాభం పొందుతుంది, తర్వాతి కుటుంబానికి ఇల్లు అందించాలంటే ఈసారి 54 సాయం కావాలి. ట్రస్టు సూత్రంలో పెరుగుదలలో పావు వంతే అమ్మేవారికి దక్కుతుందంటే, పెరిగిన 50లో 12.5 కలిపి 92.5కి అమ్మాలి. తర్వాతి కుటుంబం కొత్త సాయం లేకుండానే కొనగలుగుతుంది.

ఇక్కడి వివాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఇల్లే పేద కుటుంబం ఆస్తి పెంచుకునే ఏకైక మార్గమైతే, మార్కెట్ ధరకు కొన్న ధనవంతుడికి 50, పేదవాడికి 12.5 అనడం ఏ న్యాయమని ఒక పక్షం నిలదీస్తుంది. దానమిచ్చిన 20ని ఒకే కుటుంబం పట్టుకుపోతే మిగతా వారి గతేమిటని మరో పక్షం అడుగుతుంది. నేను రెండో వైపుకే మొగ్గుతాను. ఆ 20 ప్రజల దగ్గర టికెట్లు అమ్మి తెచ్చింది మరి. అలాగని ఆ 12.5ను ఇంకా తగ్గించమనే వారితోనూ ఏకీభవించలేను. ఇంటిని బాగు చేసుకోవాలన్న ఆశకు కొంత ప్రతిఫలం ఉండాలి.

గదిలో కూర్చున్న వాళ్ల ప్రయోజనాలు

బిల్డర్లు, స్థలాల వ్యాపారులు, అద్దె ఇళ్ల యజమానులు క్లబ్బుల్లో సభ్యులుగా ఉండటం మామూలే. వాళ్ల అనుభవమే ప్రాజెక్టుకు బలం, అనుమానానికి కారణం కూడా. సభ్యుడి సిమెంటు దుకాణం నుంచే సరుకు కొంటే ధర తగ్గవచ్చు, పెరగవచ్చు కూడా. 1917 నాటి లయన్స్ నియమం పరీక్షకు నిలబడేది ఇలాంటి చోటే. ఆ సభ్యుడు ఓటింగు సమయంలో బయటికి వెళ్లాడా, మరో రెండు కొటేషన్లు తీసుకున్నారా అన్నది మినిట్స్‌లో కనిపించాలి. ఇల్లు ఎవరికి దక్కాలన్న ఎంపికలోనూ ఇదే ఇబ్బంది. సభ్యుడి ఇంట్లో పనిచేసే మనిషికి నిజంగానే అవసరం ఉండవచ్చు, కానీ ఎంపిక చేసేది ఆ సభ్యుడే అయితే మిగతా దరఖాస్తుదారులు నమ్మరు.

ఇంకొక ఇరకాటం ఉంది. తక్కువ ఆదాయం వారి ఇళ్లు తమ వీధిలో వద్దనే అభ్యంతరాలు బహిరంగ విచారణల్లో వస్తాయి. అక్కడ ఊరికి తెలిసిన నలుగురు లేచి మద్దతు పలికితే చెక్కుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. అయితే పార్టీ రాజకీయాలపై క్లబ్బులో చర్చ కూడదని లయన్స్ ఉద్దేశాల్లోనే ఉంది. భూ వినియోగ నిబంధన మార్చాలనడం రాజకీయమా, ప్రజా ప్రయోజనమా? ప్రజా ప్రయోజన విషయాలపై స్వేచ్ఛగా చర్చించే వేదిక కావాలన్న మాట కూడా అదే వాక్యంలో ఉంది కాబట్టి, క్లబ్బులు తమ ధైర్యం కొద్దీ దాన్ని చదువుకుంటాయి.

ఏడాదికో అధ్యక్షుడు, అయిదేళ్ల పని

రోటరీ, లయన్స్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఆ రోజు అధ్యక్షుడు మారతాడు, తరచు ప్రాధాన్యాలూ మారతాయి. కంటి శిబిరానికి ఏడాది చాలు. ఇళ్ల ప్రాజెక్టుకు స్థలం చూడటం నుంచి తాళాలు ఇవ్వడం దాకా మూడు నుంచి అయిదేళ్లు పట్టవచ్చు. మధ్యలో ముగ్గురు నలుగురు అధ్యక్షులు మారతారు. అందుకే కొన్ని క్లబ్బులు ఇళ్ల పనికి బహువార్షిక కమిటీ వేస్తాయి, లేదా ట్రస్టు పెట్టి డబ్బు దానికి బదిలీ చేస్తాయి. ట్రస్టు అయితే ఏ అధ్యక్షుడి ఉత్సాహంతోనూ నిధి అంత సులువుగా దారి మళ్లదు.

కట్టిన తర్వాతి ఖర్చుకు దాతలు దొరకడం ఇంకా కష్టం. నల్లజాతి రైతుల కోసం పెట్టిన న్యూ కమ్యూనిటీస్ చేతిలో సుమారు 5,700 ఎకరాలు ఉండేవి. కరువు వచ్చినప్పుడు తెల్లజాతి రైతులకు అందిన అత్యవసర రుణాలు వారికి సకాలంలో అందలేదు. అప్పుల కింద 1985లో భూమి పోయింది. ప్రభుత్వంపై వేసిన వివక్ష కేసులో 1.2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది 2009లో. భూమి దానంగా వచ్చినా, ఇల్లు దానంగా వచ్చినా, చెడ్డ ఏడాదిని దాటించే నిల్వ నిధి ఒకటి కావాలని నేటి భూ ట్రస్టులు, గృహ సంస్థలు తమ బడ్జెట్లలోనే రాసుకుంటున్నాయి. పన్నెండో ఏట పైకప్పు మార్చడానికీ, ఉద్యోగం పోయిన కుటుంబం రెండు వాయిదాలు కట్టలేకపోయినప్పుడు ఆదుకోవడానికీ వాడేది ఆ పద్దునే. క్లబ్బు కోశాధికారి చదివే నివేదికలో ఆ పద్దు ఉంటే, చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది.